లండన్‌లో ఆఫ్రికన్లకు ఒక గూడు: లాడిపో సోలాంకే కథ

1922లో లా చదవడానికి నైజీరియా నుంచి లండన్‌లో దిగేనాటికి లాడిపో సోలాంకే కుర్రాడేం కాదు, ముప్పై ఐదు దాటాయి. అబెవోకుటాలో పుట్టి, సియెర్రా లియోన్‌లోని ఫోరా బే కాలేజీలో చదివి వచ్చినవాడు. చేతిలో పైసలు తక్కువ. యొరుబా భాష నేర్పిస్తూ రోజులు నెట్టుకొచ్చాడు. అంతకంటే పెద్ద కష్టం గది దొరకడం. నల్లటి ముఖం కనిపిస్తే చాలు, ఇంటి ఓనర్లు తలుపు వేసేసేవారు. పరదేశంలో కిరాయి గది కోసం తిరిగినవాళ్లకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

1924లో వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ఎగ్జిబిషన్ పెట్టారు. ఆ సందర్భంలో ఒక లండన్ పత్రిక నైజీరియన్లను నరమాంసం తినేవాళ్లన్నట్టు రాసింది. సోలాంకే ఊరుకోలేదు, ఖండిస్తూ లేఖ రాశాడు. అది చదివి మార్కస్ గార్వే మొదటి భార్య ఎమీ ఆష్‌వుడ్ గార్వే ఆయనకు తోడు వచ్చింది. అదే ఏడాది ఇద్దరూ కలిసి నైజీరియన్ విద్యార్థులతో ఒక సంఘం పెట్టారు.

కానీ నైజీరియా వాళ్లది ఒక సంఘం, గోల్డ్ కోస్ట్ (ఇప్పటి ఘనా) వాళ్లది ఇంకో సంఘం అయితే, ఎవరి మాట ఎవరు వింటారు? సియెర్రా లియోన్ నాయకుడు డాక్టర్ బంకోలే బ్రైట్ లండన్ వచ్చినప్పుడు అందరినీ ఒక్క గొడుగు కిందకు తెచ్చే ప్రయత్నం మొదలైంది. 1925 ఆగస్టు 7న 21 మంది విద్యార్థులతో వెస్ట్ ఆఫ్రికన్ స్టూడెంట్స్ యూనియన్ పుట్టింది. పొట్టిగా ‘వాసు’. యొరుబాలో ఆ మాటకు బోధించడం అని అర్థం.

ఐక్యత గురించి మీటింగులు ఎన్నైనా పెట్టొచ్చు. రాత్రి తల దాచుకునే చోటు లేనివాడికి వాటితో ఏం పని? సోలాంకేకి ఇది బాగా తెలుసు. 1929లో చందాల కోసం బయలుదేరి పశ్చిమ ఆఫ్రికా అంతా తిరిగాడు. 1932లో గానీ లండన్ తిరిగి రాలేదు. ఆ తిరుగుడులోనే ఒపెయోలును పెళ్లి చేసుకున్నాడు. 1933లో కామ్డెన్ రోడ్‌లో హాస్టల్ తెరిచారు. దాని బాగోగులు ఒపెయోలు చూసుకుంది. నాలుగు కాలనీల పిల్లలు ఒకే కప్పు కింద ఉండటం మొదలైంది.

అయితే నమ్మకం అంత తేలిగ్గా కుదరలేదు. 1934లో ఆగ్రీ హౌస్ పేరుతో ఇంకో హాస్టల్ వచ్చింది. వెనక ఉన్నది బ్రిటిష్ కాలనీల శాఖ. విద్యార్థులను కనిపెట్టి ఉండటానికే ఈ ఏర్పాటని సోలాంకే బాయ్‌కాట్‌కు పిలుపిచ్చాడు. కొందరు, ముఖ్యంగా గోల్డ్ కోస్ట్ వాళ్లు, ఒప్పుకోలేదు. సంఘంలో చీలిక వచ్చింది. సంఘం డబ్బు విషయంలో సోలాంకే మీదా విమర్శలు వచ్చాయి. ఇక్కడ ఆయన్ని పూర్తిగా వెనకేసుకు రావడం కష్టం. తర్వాతి ఏళ్లలో పెద్ద ఇల్లు కొనడానికి అదే సర్కారు వైపు నుంచి సాయం తీసుకున్నాడు. ఇల్లు నిలబడాలంటే వేరే దారి లేకపోయి ఉండొచ్చు. కానీ నిన్న వద్దన్న చేతి నుంచి ఇవాళ తీసుకుంటే, వెంట ఉన్నవాళ్లకు ముందే విప్పి చెప్పాలి కదా.

ఇన్ని గొడవల మధ్య కూడా ఆ ఇల్లు నిలిచింది. పాల్ రోబ్సన్ వాసుకు అండగా నిలిచాడు. 1941 ఆగస్టులో మంత్రి క్లెమెంట్ ఆట్లీ వచ్చి, అట్లాంటిక్ చార్టర్‌లో చెప్పిన హక్కులు అన్ని జాతులకూ వర్తిస్తాయని వాసు విద్యార్థుల ముందే ఒప్పుకున్నాడు. వచ్చే నెలలోనే చర్చిల్ దాన్ని యూరప్‌కే పరిమితం చేశాడు, అది వేరే సంగతి. యుద్ధం అయ్యాక క్వామే ఎన్‌క్రుమా ఈ సంఘానికే వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు.

చివరి ఏళ్లలో సంఘం కుర్రవాళ్ల చేతుల్లోకి వెళ్లింది, సోలాంకే మాట సాగలేదు. 1958లో లండన్‌లోనే కన్నుమూశాడు. అప్పటికి ఘనాకు స్వతంత్రం వచ్చి ఏడాదైంది, నైజీరియాకు ఇంకా రెండేళ్లుంది.