తెరచాటు రచయిత జంధ్యాల

భాగవతము నవమస్కంధమున రైవతుని కథ కలదు. తన కూతురు రేవతికి తగిన వరు డెవ్వడో తెలిసికొనుటకై ఆ రాజు బ్రహ్మలోకమునకు బోయెను. అచ్చట గానము సాగుచుండుటచే కొంతసేపు వేచియుండెను. ఆ కొంతసేపటిలో భూలోకమున యుగములు గడచిపోయినవి. అతడు మనసున నెంచుకొన్న వరులే కాదు, వారి మనుమలును మిగులలేదు. తుదకు రేవతిని బలరామునకిచ్చి వివాహము చేసెను. కాలమును దాటిపోవుట యను ఊహ మనకు క్రొత్తది కాదన్నమాట. ఐతే రైవతునకు వెనుకకు దారి లేదు. ఆ దారిని యంత్రముపై చూపినవాడు ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్, ఆయన ‘టైం మెషీన్’ నవల 1895లో వెలువడినది. లండనులో బి.బి.సి. వారు 1963 నవంబరు 23న ఆరంభించిన ‘డాక్టర్ హూ’ ధారావాహిక అట్టి యంత్రమును టెలివిజనులో నిలిపినది. తెలుగువారి ముంగిటికి దానిని తెచ్చినది 1991 జూలైలో విడుదలైన ‘ఆదిత్య 369’.

ఆ చిత్రమును తలచినంతనే దర్శకులు సింగీతం శ్రీనివాసరావుగారును, ద్విపాత్రాభినయము చేసిన బాలకృష్ణగారును, ఇళయరాజాగారి బాణీలును జ్ఞప్తికి వచ్చును. మాటలు వ్రాసినవారెవరని అడిగినచో పలువురు తడుముకొందురు. వారు జంధ్యాల.

పూర్తిపేరు జంధ్యాల వీర వెంకట దుర్గా శివ సుబ్రహ్మణ్యశాస్త్రి. 1951 జనవరి 14న, సంక్రాంతి దినములలో, పశ్చిమగోదావరి జిల్లా నరసాపురమున జన్మించిరి. చదువు విజయవాడలో సాగినది. ఆ ఊరి నాటకరంగమే ఆయనకు తొలి గురుకులము. ‘ఏక్ దిన్ కా సుల్తాన్’, ‘గుండెలు మార్చబడును’ అను నాటకములు ఆయనకు పేరు తెచ్చినవి. నాటకము వ్రాసినవానికి ఒక లాభము కలదు: మాట ఎక్కడ పండినదో, ఎక్కడ ఎండినదో ఆ రాత్రియే సభ తేల్చిచెప్పును.

1976లో విశ్వనాథ్‌గారి ‘సిరిసిరిమువ్వ’కు మాటలు వ్రాసిరి. మరుసటియేడు ‘అడవిరాముడు’, 1979లో ‘వేటగాడు’, 1980లో ‘శంకరాభరణము’. ఒకవంక నాయకుని ప్రాసలకు ఈలలు, వేరొకవంక సంగీత విద్వాంసుని మితభాషణము. రెండును ఒకే కలమునుండి జారినవనిన వింతగనే ఉండును. రావికమతము మొదలు రాయదుర్గము వరకు ఆ మాటలను వల్లించినవారిలో రచయిత పేరెరుగనివా రెందరో! 1981లో ‘ముద్దమందారము’తో దర్శకులైన పిదపనే జనులు ఆ పేరు గుర్తుంచుకొనిరి. ‘ఆనందభైరవి’, ‘శ్రీవారికి ప్రేమలేఖ’, ‘అహనా పెళ్ళంట’ అందరును ఎరిగినవే. దూలమునకు కోడిని వ్రేలాడదీసి, దానిని చూచుచు వట్టి అన్నము తిను పిసినారిని మరచిన తెలుగువాడుండడు.

తానే దర్శకుడై ఇంత పేరు గడించిన పిమ్మటను ఇతరుల చిత్రమునకు తెరచాటున కూర్చుండి మాటలు వ్రాయుటకు ఆయన వెనుదీయలేదు. ‘ఆదిత్య 369’ అట్టిది. సింగీతంవారి ఊహకు గాయకులు బాలసుబ్రహ్మణ్యంగారు అండగా నిలిచిరి. శివలెంక కృష్ణప్రసాద్‌గారు నిర్మాతయైరి. కథ 1991లో మొదలై, యంత్రముపై 1526నాటి విజయనగరమునకు బోయి, అటనుండి 2504వ సంవత్సరమునకు దుముకును. అనగా రచయిత మూడు కాలముల నోట మాట పెట్టవలెను.

ఇక్కడనే అసలు చిక్కు. యంత్ర మెట్లు నడచునో ఎక్కువ వివరించినచో సామాన్య ప్రేక్షకునకు ఆవులింత వచ్చును. తక్కువ చెప్పినచో నమ్మకము కలుగదు. ఆ నమ్మకము చెడిన చిత్రము మొదటిరోజుననే మునుగును. శాస్త్రజ్ఞుడైన ప్రొఫెసరు పక్కన సుత్తివేలు ధరించిన కానిస్టేబులు పాత్ర ఉండుట రచయితకు కలిసివచ్చినది. ఏమియు బోధపడని ఆ మనిషి బెదురు ప్రేక్షకుని బెదురే. వాడు నోరు తెరచినపుడెల్ల హాలులోనివారి సందేహమే పలికినట్లుండును. ఇది నాటకరంగము నేర్పిన కిటుకు.

రాయలసభ ఘట్టమున మరియొక కష్టము. నిజముగా పదునారవ శతాబ్దపు తెలుగు వ్రాసినచో పండితులకు తప్ప తెలియదు. నేటి తెలుగు వ్రాసినచో రాయలు పొరుగింటివాడగును. జంధ్యాల మధ్యేమార్గమును పట్టిరి. సభవారికి గంభీరమైన సమాసములు, వచ్చినవారికి వాడుకమాటలు. రెండును ఎదురుపడిన చోట హాస్యము దానంతట పుట్టినది. తెనాలి రామకృష్ణుడు బాల్యమునుండియు మనకు పరిచితుడగుటచే, వేరుగా పరిచయము చేయు పనియు తప్పినది. వెల్స్ నవలలోని యాత్రికుడు భవిష్యత్తునకే పోయి మరలివచ్చును, పూర్వచరిత్రలో అడుగిడడు. తెలుగు చిత్రము అడుగిడిన చోటనే రక్తికట్టినది.

2504వ సంవత్సరపు భాగము అంతగా పండలేదని ఒప్పుకొనక తప్పదు. అణుయుద్ధానంతరము మనుష్యులు భూగర్భమున బ్రదుకు లోకమది. వారి తెలుగెట్లుండునో చూచినవారెవరు? వెనుకటి కాలమునకు ప్రబంధములు సాయపడినట్లు ముందటి కాలమునకు సాయపడు గ్రంథము లేదు గదా!

జంధ్యాల 2001 జూన్ 19న హైదరాబాదులో కీర్తిశేషులైరి. ఏబదియేండ్లు నిండి అయిదు మాసములే అయినది. ‘ఆదిత్య 369’ 2025 ఏప్రిల్‌లో క్రొత్త ముద్రణతో మరల థియేటర్లకు వచ్చినది.