పక్షుల షౌక్‌తో బతికిన మర్హూమ్ సలీం అలీ

మన పిల్లల్ని ఖౌమ్ పెద్దల పేర్లు చెప్పమంటే నవాబుల పేర్లు, షాయిర్ల పేర్లు గడగడా చెబుతారు. సైన్సులో ఎవరున్నారయ్యా అంటే మాత్రం తల గోక్కుంటారు. అందుకని ఈసారి సావనీర్‌లో సలీం అలీ గారి గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

వారు 1896 నవంబరు 12న బొంబాయిలో సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్లు వచ్చేసరికి తల్లి పోయారు. ఆ యతీమ్ బిడ్డని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ గారు, సంతానం లేని హమీదా బేగం గారు కడుపులో పెట్టుకుని పెంచారు. మామయ్య కొనిచ్చిన గాలి తుపాకీతో ఒకనాడు ఓ పిచ్చుకని కొట్టాడు కుర్రాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. మామూలు పిచ్చుక కాదే, తినొచ్చో లేదో అని అనుమానం వచ్చింది. మామయ్య ఆ పిచ్చుకతో సహా కుర్రాణ్ణి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దొర విసుక్కోకుండా బీరువాలు తెరిచి, దాచిన పక్షులన్నీ చూపించాడు. అంతే, జీవితం అటు తిరిగిపోయింది.

చదువు మాత్రం సరిగా సాగలేదు. కాలేజీ మధ్యలో వదిలేసి బర్మా వెళ్లి కుటుంబ వ్యాపారం చూసుకున్నారు. 1918లో తెహ్మీనా బేగంతో నికాహ్ అయింది. పక్షుల మీద ఎంత తెలిసినా యూనివర్సిటీ డిగ్రీ లేదని జూలాజికల్ సర్వేలో ఉద్యోగం ఇవ్వలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో చిన్న కొలువు దొరికింది. సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి స్ట్రెస్‌మాన్ అనే ఆచార్యుని దగ్గర పని నేర్చుకుని 1930లో తిరిగొస్తే, డబ్బు లేదని ఆ కొలువే తీసేశారు!

ఇంకొకరైతే కుంగిపోయేవారు. వీరు భార్యతో కలిసి అలీబాగ్ దగ్గర సముద్రపు ఒడ్డున కిహిమ్ అనే పల్లెకు వెళ్లి మకాం పెట్టారు. అక్కడ గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. రోజుల తరబడి కూర్చుని వాటినే చూశారు. గూడు కట్టేది మగది. సగం కట్టగానే ఆడపక్షులు వచ్చి లోపలికి దూరి తనిఖీ చేస్తాయి. నచ్చితేనే ఉంటాయి, నచ్చకపోతే ఆ గూడు అలాగే వదిలేయాల్సిందే. ఒక ఆడది స్థిరపడగానే మగది మరో గూడు మొదలుపెట్టి మరొకదాన్ని పిలుస్తుంది. మన ఊళ్లలో బావుల మీద వేలాడే ఆ గూళ్లని మనమంతా చూసినవాళ్లమే, ఈ సంగతి ఎవరం గమనించాం? ఆ వ్యాసం 1931లో అచ్చయి పేరు తెచ్చింది.

తర్వాత సంస్థానాల్లో పక్షుల సర్వే మొదలుపెట్టారు. ఖర్చులిస్తే చాలు, జీతం అక్కర్లేదన్నారు. మొదటిది మన నిజాం రాజ్యంలోనే, 1931-32లో. తెహ్మీనా గారు ఆ గుడారాల జీవితంలో కూడా వెంట ఉన్నారు. 1939లో చిన్న ఆపరేషన్ తర్వాత ఆవిడ కన్నుమూశారు. ఆ దెబ్బ ఆయన్ని చాలాకాలం వదల్లేదు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు, చెల్లా చెదురైన మనసుని పనిలోనే కూడదీసుకున్నారు.

1945లో కచ్ రణ్‌లో ఆయన చూసింది వింటే ఆశ్చర్యం వేస్తుంది. వాన నీరు నిలిచిన ఆ ఉప్పు బురదలో ఫ్లెమింగోలు మట్టితో చిన్న దిబ్బల్లాంటి గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. చుట్టూ నీళ్లుంటే నక్కలు రాలేవు. నీళ్లు ముందే ఇంకిపోతే గుడ్లు దక్కవు. అక్కడ సుమారు 5 లక్షల పక్షులున్నాయని ఆయన అంచనా కట్టారు. సూళ్లూరుపేట దగ్గర పులికాట్‌కి చలికాలంలో వచ్చేవి ఈ జాతివే.

1960ల్లో తమిళనాడు తీరాన కోడియక్కరై ఉప్పు మడుల్లో వలస పక్షుల్ని పట్టి, కాళ్లకు బొంబాయి సొసైటీ అడ్రసున్న రింగులు తొడిగే పని ఆయన ఆధ్వర్యాన సాగింది. మన దేశంలో రింగు వేసిన పక్షులు సోవియట్ దేశంలో దొరికాయి. 1967లో కోడియక్కరై అభయారణ్యమైంది. అమెరికా శాస్త్రవేత్త రిప్లీతో కలిసి 10 సంపుటాల పక్షి గ్రంథం 1974కి పూర్తిచేశారు. పెద్ద అంతర్జాతీయ బహుమతి వస్తే ఆ సొమ్ము సొసైటీకే ఇచ్చేశారు.

డిగ్రీ లేదని కొలువు పోగొట్టుకున్న ఈయనకి 1958లో అలీగఢ్, 1973లో ఢిల్లీ, 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం వైపు అడవిలో, 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి ఆయన సొసైటీ వాళ్లకే దొరికింది. అప్పటికి ఆయనకు 89 ఏళ్లు. మరుసటి ఏడు, 1987లో, బొంబాయిలో ఇంతెఖాల్ అయ్యారు.