పక్షిశాస్త్రవేత్త సలీం అలీ

విజయదశమినాటి సాయంకాలము వర్ధన్నపేట పరిసరములందలి పల్లెజనులు క్రొత్తబట్టలు కట్టుకొని ఊరి వెలుపలికి బయలుదేరుదురు. జమ్మిచెట్టును పూజించి, దాని ఆకును బంగారమని పెద్దల చేతులలో నుంచి మ్రొక్కుట యెంత ముఖ్యమో, పొలముగట్లపై పాలపిట్టను కన్నులార చూచుటయు వారికంత ముఖ్యము. నాడు పాలపిట్ట కంటబడినచో ఏడాది పొడవునను శుభమే యని వారి నమ్మకము. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట ఆ పక్షియే రాష్ట్రపక్షి యయ్యెను. అయినను ఈ గౌరవమే దానికి ముప్పు తెచ్చుటయు కలదు. పండుగకు ముందే కొందరు పాలపిట్టలను వలలతో పట్టి, ఎగిరిపోకుండ కట్టి, పంజరములలో నుంచి పట్టణములలో వీధివీధి త్రిప్పి, దర్శనమునకు పైకము పుచ్చుకొందురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఇది నేరము. పట్టువానిని నిందించుట సులభమే గాని, వానికి పైకమిచ్చునది మ్రొక్కు చేయియే.

పక్షిని ప్రేమించుట, పట్టుట, చంపుట, తినుట వేర్వేరు మనుష్యుల పనులని మనము తలంతుము. ఇవన్నియు ఒక్క జీవితమునందే కలిసియుండుటను సలీం అలీ చరిత్రమున చూడవచ్చును.

ఆయన 1896 నవంబరు 12వ తేదీన బొంబాయి నగరమున జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులు మరణించుటచే మేనమామయగు అమీరుద్దీన్ త్యాబ్జీయు, ఆయన భార్య హమీదా బేగమును ఆ బాలుని పెంచిరి. మేనమామకు వేట యన్న మిక్కిలి యిష్టము. ఆ యింటికి వంటకై కౌజులును పూరేళ్ళును ప్రాణముతోనే వచ్చెడివి. బాలుడు వానిలో కొన్నింటిని బ్రతిమాలి దక్కించుకొని పెంచుకొనెడివాడు. మిగిలినవి పళ్ళెములకు చేరెడివి. చిన్న గాలితుపాకితో పిచ్చుకలను కొట్టుట అతని ఆట. ఒకమారు గోడరంధ్రములోని గూటిని కాచు మగపిచ్చుకను కొట్టగా, ఆడుపక్షి మరియొక మగపక్షిని తెచ్చుకొనెను. దానిని గూడ కొట్టెను; మరియొకటి వచ్చెను. ఏడు దినములలో ఎనిమిది మగపక్షులు నేలకూలెను. క్రూరమైన ఆటయే, కాని ఆ బాలుడు జరిగినదంతయు కాగితముపై వ్రాసిపెట్టుకొనెను.

మరియొక దినమున కూలిన పిచ్చుక గొంతుపై పసుపుపచ్చని మచ్చ యుండెను. అట్టి పిట్టను తినుటకు మతము సమ్మతించునో లేదో యని సందేహము కలిగి అతడు మామకు చూపెను. మామ దానిని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పంపెను. కార్యదర్శియగు మిల్లార్డు దొర బాలుని విసుగుకొనక, ఆ పక్షి పేరు చెప్పి, సొరుగులలో భద్రపఱచిన నూర్లకొలది పక్షులను చూపెను. ఆనాడు తెరచుకొన్న ద్వారము మరల మూతపడలేదు.

యౌవనమున ఆయన అన్నగారి గనిపనులకు తోడుగ బర్మాకు పోయెను. తిరిగివచ్చి ప్రాణిశాస్త్రము చదివి, 1918లో తెహమీనాను వివాహమాడెను. వస్తుప్రదర్శనశాలలో కొంతకాలము ఉద్యోగము చేసి, బెర్లిను నగరమున స్ట్రెసెమన్ పండితుని యొద్ద శిక్షణ పొందెను. మరలివచ్చునప్పటికి ఉద్యోగము లేదు. సముద్రతీరమందలి కిహిమ్ గ్రామమున, జీతము లేని ఆ దినములలోనే, గిజిగాని గూళ్ళను నెలల తరబడి పరిశీలించెను. పిట్టను కొట్టి చూచిన కన్నులు కొట్టకుండ చూచుటకు అలవాటుపడినది అచ్చటనే.

1931లో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశోధించుటకు ఆయన పూనుకొనెను. ప్రయాణపు ఖర్చులు ఇచ్చిన చాలును, జీత మక్కఱలేదనెను. సంస్థానము ఇంచుమించు 82 వేల చదరపు మైళ్ళు. ఓరుగల్లు సీమ చెరువులు, పాకాల అడవులు, చెంచులుండు అమ్రాబాదు కొండలు అన్నియు అందులోనివే. భార్య తెహమీనా గుడారముల వెంట నడచి విడిదుల భారము వహించెను. నమూనాలకై పక్షులను కొట్టక తప్పదు; నాటి శాస్త్రపద్ధతి యట్టిది. ఈ పరిశోధన ఫలితములు 1933, 1934 సంవత్సరములలో ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వెలువడెను.

అడవిలో త్రోవ యెఱిగినవాడు ఆ యూరివాడే. మన పల్లెలలో కౌజులు పట్టువాడు పెంపుడు కౌజును దీమముగా గంపలో పెట్టి కూయించును. అడవికౌజు కయ్యమునకు వచ్చి ఉచ్చులో చిక్కును. ఏ ఋతువున ఏ పిట్ట కూయును, ఏ పొదలో గ్రుడ్లు పెట్టును, ఏ వేళ నీటికి వచ్చును అనునది అతనికి పొట్టకూటి విద్య. ఇట్టి విద్యను సలీం అలీ చిన్నచూపు చూడలేదు. వలస పక్షుల కాళ్ళకు అంకెలు గల కడియములు తొడిగి విడుచు కార్యక్రమము ఆయన నడిపినపుడు, పక్షులను గాయపఱచక పట్టగలవారు కావలసివచ్చిరి. బీహారు రాష్ట్రమున తరతరములుగ పక్షులు పట్టి అమ్మి జీవించు మీర్‌షికారులనే ఆయన పిలిపించెను. వలలును ఉచ్చులును అవియే. చిక్కిన పక్షి మాత్రము సంతకు పోక ఆకాశమునకు మరలెను.

1941లో వెలువడిన ఆయన గ్రంథము భారతదేశపు పక్షులను సామాన్యులకు పరిచయము చేసెను. పాలపిట్ట పంటలకు కీడుచేయు పురుగులను తిని రైతునకు మిక్కిలి మేలు చేయునని అందు వ్రాసెను. పల్లెవారు శుభమని చూచు పిట్ట చేలోను శుభమే చేయుచుండెనన్నమాట.

రాజస్థానములోని భరత్‌పూరు చిత్తడినేల కథ ఇంత సుఖమైనది కాదు. అది మహారాజుల వేటభూమి. 1938 నవంబరు 12న, అనగా సలీం అలీ పుట్టినదినముననే, రాజప్రతినిధి లిన్‌లిత్‌గో దొర గౌరవార్థము జరిగిన వేటలో ఒక్కదినమున నాలుగువేలకు పైగా పక్షులు కూలెను. పల్లెవాని ఉచ్చులకు చిక్కు కౌజులు దీని ముందెంత! స్వాతంత్ర్యానంతరము ఆ నీరు మళ్ళించి నేలను సాగుచేయవలెనను కోరిక బయలుదేరగా, సలీం అలీ ప్రధాని నెహ్రూ దృష్టికి తెచ్చి దానిని కాపాడుటకు కృషిచేసెను.

పిమ్మట అది జాతీయోద్యానమయ్యెను. అందు గేదెలను మేపుట మాన్పింపవలెనని ఆయనయు, ఆయన సంఘమును కోరిరి. 1982లో మేపు నిషేధింపబడెను. తరతరములుగ పశువులను తోలుకొనిపోవు చుట్టుపట్ల గ్రామస్థులు ఎదిరించిరి. పోలీసు కాల్పులలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. గేదెలు పోయిన నీటిలో గడ్డి దట్టముగ పెరిగి పక్షులు దిగుటకు చోటు తగ్గెను. మేపు ఆ చిత్తడికి మేలే చేయుచుండెనని పెక్కేండ్ల పరిశీలన పిమ్మట తేల్చినది ఆ సంఘపు శాస్త్రజ్ఞులే. పక్షులు పట్టువాని విద్యను గుర్తించిన మహనీయుడు గేదెలు కాయువాని విద్యను గుర్తింపలేకపోయెను.

ఆయన కడపటి యేండ్లలో తెలుగునాట ఒక వింత జరిగెను. నెల్లూరు, కడప కొండల దాపున పొదల మాటున తిరుగు ఒక చిన్న పక్షిని పందొమ్మిదవ శతాబ్దమున జెర్డన్ అను వైద్యుడు కనుగొనెను. 1900 తరువాత అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. ఎన్నిమారులు వెదకినను దొరకకపోవుటచే నశించినదనియే పలువురు నిశ్చయించుకొనిరి. కడప పల్లెవారు మాత్రము దానిని కలివికోడి యని పిలుచుచునే యుండిరి. కలివిపొదలలో రాత్రివేళ తిరుగునది గావున ఆ పేరు. ప్రకృతిచరిత్ర సంఘమువారు పక్షి బొమ్మను పట్టుకొని ఊరూర తిరిగి వేటగాండ్రను విచారించిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లె దాపున ఒక గ్రామీణ వేటగాడు రాత్రి దీపపు వెలుతురులో దానిని ప్రాణముతో పట్టి తెచ్చెను. ఎనుబదియారేండ్లు పండితులు చూడని పక్షి ఒక పల్లెవాని చేతిలో నుండెను.

అప్పటికి సలీం అలీకి ఎనుబదితొమ్మిదేండ్లు. చేజిక్కిన కలివికోడి ఎక్కువ దినములు బ్రతుకలేదు. పసుపుగొంతు పిచ్చుకను పంపి బాలుడు సందేహము తీర్చుకొన్న ఆ బొంబాయి సంఘపు సొరుగులకే అదియు చేరెను. తరువాత రెండేండ్లకు, 1988లో, దాని పొదలున్న శ్రీలంకమల్లేశ్వర అడవి అభయారణ్యముగ ప్రకటింపబడెను. దానిని చూచుటకు సలీం అలీ లేడు. 1987 జూన్ 20న ఆయన బొంబాయిలో కన్నుమూసెను.