పనికి దక్కని మార్కులు: యల్లాప్రగడ సుబ్బారావు

మన బళ్లో చదివినవాళ్లకు ఒక జ్ఞాపకం ఉండే ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక ఆరోగ్యశాఖ వాళ్లు టార్చిలైటు పట్టుకుని వీధిలోకి వచ్చేవాళ్లు. వేలికి సూది గుచ్చి, గాజుపలక మీద నెత్తురు చుక్క తీసుకుని వెళ్లేవాళ్లు. బోదకాలు పురుగు రాత్రిపూటే నెత్తురులోకి వస్తుందని సైన్సు మాస్టారు చెప్పాకే మనకు ఆ వేళ సంగతి అర్థమైంది. పురుగు కనిపించినవాళ్లకు మాత్రలిచ్చేవాళ్లు. ఆ మందు పేరు డైఇథైల్ కార్బమజైన్. అమెరికాలో దాన్ని తయారుచేసిన పరిశోధన బృందానికి అధిపతి భీమవరంలో పుట్టిన తెలుగువాడని అప్పుడు మనకెవరికీ తెలియదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. చదువులో మొదటి నుంచీ ముందున్న పిల్లవాడేమీ కాదు. పదమూడో ఏట, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి బయల్దేరితే, మధ్యలోనే పట్టి తెచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. ఆయన బళ్లో ఉండగానే తండ్రి పోయారు. తల్లి వెంకమ్మగారు మాత్రం చదువు మానడానికి ఒప్పుకోలేదు. మూడోసారి మద్రాసులో హిందూ హైస్కూలు నుంచి పరీక్ష రాసి గట్టెక్కారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని ఆయన కోరిక. తల్లి కాదన్నారు. సేవ చేయాలని ఉంటే వైద్యం చదవమని మఠం వాళ్లూ చెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చుకు స్నేహితులు, తర్వాత పిల్లనిచ్చిన మామగారు ఆదుకున్నారు. ఆ రోజుల్లోనే ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, నెత్తురు క్షీణించి మనిషి శుష్కించే జబ్బది. వైద్య విద్యార్థి అయివుండీ ఆయన ఏమీ చేయలేకపోయారు.

ఆయనకు మొదటి దెబ్బ పరీక్షాఫలితాల్లో తగిలింది. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనే వేసుకుని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసరుగారికి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. అంతకన్నా తక్కువైన ఎల్‌ఎంఎస్ చేతిలో పెట్టారు. చదివిన సంవత్సరాలు అవే, వార్డుల్లో తిరిగిన గంటలు అవే. కాగితం మీద రాసిన అక్షరాలే వేరు. ఆ కాగితంతో మద్రాసు ప్రభుత్వ వైద్యసేవలో చోటు దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పడానికి కుదిరారు.

1922 అక్టోబరులో ఆయన బోస్టన్ చేరారు. భార్య శేషగిరిగారిని ఊళ్లోనే వదిలి వెళ్లారు. మళ్లీ ఆమెను చూడలేదు. తాను వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, వాడినీ చూడలేదు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం డిప్లొమాలో చేరారు గాని చేతిలో డబ్బు లేదు. వైద్యం చదివినవాడికి ఆసుపత్రిలో డాక్టరుగా కుదరడమే సహజమైన దారి. ఎల్‌ఎంఎస్ పట్టా ఆ తలుపు తెరవలేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ పనివాడిగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని అది. రాత్రి ఆ పని చేసి పగలు క్లాసులకు వెళ్లేవారు. ఆ రాత్రులకు ఏ విశ్వవిద్యాలయమూ మార్కులు వేయలేదు.

డిప్లొమా తర్వాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర పని దొరికింది. నెత్తురులో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే తేలికైన పద్ధతి కావాలి. నమూనాలోని ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి, దాన్ని నీలిరంగుకు తిప్పి, ఆ నీలం ఎంత చిక్కగా ఉందో తెలిసిన ద్రావణంతో పోల్చి లెక్క కట్టడమే వాళ్లు కుదిర్చిన పద్ధతి. 1925లో అచ్చయింది. కొలత సరిగ్గా లేకపోతే తర్వాతి పని ఏదీ నిలబడదని ఇంజనీర్లకు వేరే చెప్పక్కర్లేదు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది తరతరాల విద్యార్థుల ప్రాక్టికల్ పుస్తకాల్లోకి ఎక్కింది.

ఆ కొలతే వాళ్లను కండరాల దగ్గరికి తీసుకెళ్లింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. ఏటీపీని అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. కండరం కదలడానికి కావలసిన శక్తి ఎక్కణ్నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు అక్కడ మొదలైంది. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనశాలకు మారారు. కొద్దికాలానికే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు ఆ విటమినే మందుగా పనికొచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా ఆలస్యంగా!

ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా ఆ బృందం చేసింది. అందులో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. అప్పటిదాకా ఆ జబ్బుకు అలాంటి మందే లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇవాళ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడుతున్నాం. 1947లో బోదకాలు మందు వచ్చింది. ఆయన అధిపతిగా ఉన్న ఆ పరిశోధనశాలలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు నిద్రలో గుండె ఆగి చనిపోయారు. మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది 1995లో, శతజయంతికి.

ఆయన గురించి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఒక పశ్చాత్తాపం ఉంది. నేను పనిచేసేది ఆసుపత్రి పరికరాలు తయారుచేసేచోట. ఇవాళ డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ చదువులో భాగమైంది. దానికి క్రెడిట్లున్నాయి. సుమారుగా 30 గంటల పనికి ఒక క్రెడిట్ లెక్క. మూడేళ్ల కిందట బయోకెమిస్ట్రీ చదివే తెలిసినవాళ్ల అబ్బాయి మా దగ్గరికి వచ్చాడు. నాలుగు రోజులు కనిపించాడు. చివర్లో 120 గంటల సర్టిఫికెట్ తెచ్చి నా ముందు పెట్టాడు. మొహమాటానికి సంతకం పెట్టాను. అదే నెలలో ఒక అమ్మాయి నిజంగానే నేర్చుకుంటానని ఉత్తరం రాసింది. ఖాళీ లేదని జవాబిచ్చాం. ఆ ఖాళీని నింపింది నా సంతకమే.

సుబ్బారావుగారు పని చేశారు, కాగితం దక్కలేదు. నేను కాగితం ఇచ్చాను, పని జరగలేదు. రెండూ అన్యాయాలే, కాకపోతే రెండోది నా చేతిలో ఉన్నది.

మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లున్నారు, ల్యాబ్ నడిపేవాళ్లున్నారు, మందుల కంపెనీల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసేవాళ్లున్నారు. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో ఒక్కొక్కరం మన బడి నుంచి వెళ్లి డిగ్రీ చదువుతున్న ఒక్కొక్క పిల్లకో పిల్లాడికో చోటు చూపిద్దాం. చేరేముందే వాళ్ల కాలేజీతో మాట్లాడి, ఎన్ని గంటలు, ఏం నేర్పుతాం, ఎవరు చూస్తారు అన్నది రాసుకుందాం. నమూనాకు చీటీ అంటించడం, సూక్ష్మదర్శిని కింద పలక పెట్టడం, రిజిస్టరు తప్పుల్లేకుండా రాయడం లాంటి చిన్న పనులతోనే మొదలుపెట్టనిద్దాం. రోజూ చేసింది వాళ్లచేత పుస్తకంలో రాయించి, చేసిన గంటలకే సంతకం పెడదాం. ఒక్క గంట ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

నా వంతుగా రెండు చోట్లు ఉన్నాయని సంఘం కార్యదర్శిగారికి రాసిచ్చాను. ఆ ఉత్తరం రాసిన అమ్మాయి చదువు ఈపాటికి అయిపోయి ఉంటుంది. ఈసారి వచ్చే ఉత్తరానికైనా ఖాళీ లేదని జవాబు పోదు.