సముద్రం దాటివచ్చిన ‘ఆది’ గళం

విశాఖ తీరానికి వలసలు కొత్త కాదు. 1933లో ఓడరేవు ప్రారంభం కాకముందే ఉత్తరాంధ్ర కూలీలు బతుకుదెరువు కోసం రంగూన్ ఓడలెక్కారు. అందుకే సముద్రం దాటి వెళ్లి, తిరిగివచ్చి, పత్రిక పెట్టిన బాబూ మంగూరాం జీవితాన్ని ఈ నగర విద్యార్థులు చదవాలని నేను కోరుకుంటున్నాను.

పంజాబులోని హోషియార్‌పూర్ జిల్లా ముగోవాల్‌లో 1886లో తోళ్ల వ్యాపారం చేసే దళిత కుటుంబంలో ఆయన జన్మించారు. బడిలో తోటి పిల్లలకు దూరంగా కూర్చుని చదువుకున్నారు. 1909లో అమెరికా వెళ్లి కాలిఫోర్నియా పండ్లతోటల్లో కూలిపని చేశారు. 1913లో గదర్ పార్టీలో చేరి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘గదర్’ పత్రికను నడిపిన పార్టీ కేంద్రంలో పూర్తికాలం పనిచేశారు. మన దరిశి చెంచయ్య కూడా ఆ ఉద్యమంలో పాల్గొన్నవారే. 1915లో ఆయుధాల తరలింపు యత్నం విఫలమయ్యాక మంగూరాం ఫిలిప్పీన్స్‌లో ఏళ్ల తరబడి తలదాచుకున్నారు. ఆయన మరణించారన్న వార్త స్వగ్రామానికి చేరింది.

1925లో సింహళం మీదుగా స్వదేశం చేరారు. విప్లవకారుల మధ్య సమానుడిగా మెలిగిన ఆయన మదురై మొదలుకొని దారిపొడవునా అంటరానితనాన్నే చూశారు. పరాయి పాలన పోయినంత మాత్రాన ఈ దాస్యం పోదని గ్రహించారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు మలుపు ఇదే. 1926 జూన్‌లో ముగోవాల్‌లో ఆద్‌ధర్మ్ ఉద్యమానికి శ్రీకారం చుట్టారు. ‘ఆది డంకా’ పత్రిక దాని గొంతుక అయింది. 1900 నాటి పంజాబు భూచట్టం దళితులకు భూమి కొనే వీలు లేకుండా చేసింది. ఉద్యమం దాన్ని ప్రశ్నించింది. 1931 జనగణనలో 4,18,789 మంది తమను ఆద్‌ధర్మీలుగా నమోదు చేయించుకున్నారు. 1946లో మంగూరాం పంజాబు శాసనసభకు ఎన్నికయ్యారు, 1980లో కన్నుమూశారు.

అంతకుముందే, 1917లో, బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవారు ‘ఆది ఆంధ్రులు’గా తమను తాము ప్రకటించుకున్నారు. రెండు చోట్లా వాదన ఒక్కటే: ఇతరులు అంటగట్టిన పేరును మేము మోయం, ఈ నేలకు మేమే తొలి హక్కుదారులం. పేరు మార్పుతో కులం పోలేదన్నది నిజమే. అయితే సొంత పేరుతో లెక్కలోకి ఎక్కినవారినే రాజ్యం గుర్తించక తప్పలేదు. ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేస్తే రిజర్వేషన్ల గతి ఏమిటని అడుగుతున్న మనకు ఈ పాఠం పనికొస్తుంది. వాటా అడగాలంటే ముందు లెక్క తేలాలి. ఆ లెక్కను నిలదీసే పత్రిక మన చేతిలో ఉండాలి.