నైటింగేల్ అడిగిన లెక్క

ఓపీలో మందుల గురించి కన్నా ఎక్కువగా నన్నడిగే ప్రశ్న ఒకటుంది. హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రి మంచిది సార్ అని. బోధన్, ఎడపల్లి, వర్ని నుంచి వచ్చే కుటుంబాలదీ, నిజామాబాద్ టౌన్ వాళ్లదీ అదే ప్రశ్న. మీరు దేన్ని చూసి మంచిదనుకుంటారని తిరిగి అడిగితే, పెద్ద బిల్డింగ్ ఉందనో, పక్కింటివాళ్లకు అక్కడ నయమైందనో, ఫలానా డాక్టర్ పేరు విన్నామనో చెబుతారు. అక్కడ చేరినవాళ్లలో ఎంతమంది కోలుకుంటున్నారు, ఎంతమందికి ఆసుపత్రిలోనే కొత్తగా ఇన్‌ఫెక్షన్ సోకుతోంది అని ఆరా తీసినవాళ్లు ఇంతవరకు నాకు తారసపడలేదు.

నూట అరవై ఏళ్ల కిందట ఈ ఆరా పట్టుబట్టి తీసిన మనిషి బొమ్మ మాత్రం నర్సింగ్ కాలేజీల గోడల మీద మనకు కనిపిస్తూనే ఉంటుంది. చేతిలో దీపంతో నిలబడ్డ ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆమె పుట్టిన మే 12ను నర్సుల దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ దీపం సంగతి అందరికీ తెలుసు. ఆమె లెక్కల పుస్తకం సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

పెద్దింటి పిల్ల, నర్సు పని

1820లో ఓ సంపన్న ఇంగ్లిష్ కుటుంబంలో ఆమె పుట్టారు. తల్లిదండ్రులు అప్పుడు ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఉండటంతో ఆ ఊరి పేరే పెట్టారు. చదువు తండ్రి దగ్గర ఇంట్లోనే సాగింది. చిన్నప్పటి నుంచీ అంకెలంటే మక్కువ. నర్సు పని మంచి కుటుంబాల ఆడపిల్లలు చేసేది కాదని ఆనాటి భావన. అందుకే ఇంట్లో ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో శిక్షణ పొంది, 1853లో లండన్‌లో మహిళల కోసం నడిచే ఒక చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంట్ అయ్యారు.

మరుసటి ఏడాది క్రిమియా యుద్ధం వచ్చింది. 1854 నవంబర్‌లో 38 మంది నర్సులను వెంటబెట్టుకుని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరారు. అది ఇప్పటి ఇస్తాంబుల్‌లో ఒక భాగం. అక్కడ గాయాల కన్నా విరేచనాలు, కలరా, జ్వరాలే ఎక్కువమంది సైనికులను పొట్టనపెట్టుకుంటున్నాయి. ఆమె వంటశాల సరిచేశారు, ఉతికిన బట్టలు తెప్పించారు, రాత్రిళ్లు దీపం పట్టుకుని మంచం మంచం తిరిగారు. పత్రికలు ఆమెను ఆకాశానికెత్తాయి.

తన ఆసుపత్రి అంకెలే ఎదురుతిరిగితే

ఇంత చేసినా ఆ చలికాలంలో చావులు తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందినవారిలో నూటికి 42 మందికి పైగా చనిపోయారు. మార్చిలో లండన్ నుంచి పారిశుద్ధ్య కమిషన్ వచ్చింది. భవనం కింద మురుగు నిండిపోయిన కాల్వలను కడిగించింది, కుళ్లిన చెత్తను బండ్లకెత్తించింది, గదుల్లోకి గాలి వచ్చేలా చేసింది. జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు దిగాయి.

సైనికులు ఆకలితో, చలితో చితికిపోయి, చేయిదాటిన స్థితిలో వస్తున్నారు కాబట్టే చనిపోతున్నారని ఆమె మొదట నమ్మారు. 1856లో ఇంగ్లండ్ తిరిగొచ్చాక, జనన మరణాల లెక్కల్లో దిట్ట అయిన విలియం ఫార్‌తో కూర్చుని నెలవారీ అంకెలు పట్టికలుగా వేశారు. అప్పుడు తెలిసొచ్చింది, రోగులను బతికించాల్సిన భవనమే వాళ్లను చంపుతోందని. అది ఆమె నడిచిన భవనం, దేశమంతా ఆమెను దేవతగా కొలవడానికి కారణమైన భవనం.

ఆ కాగితాలు బీరువాలో దాచేసినా అడిగేవారు లేరు. ఆమె వాటిని బయటపెట్టాలని పట్టుబట్టారు. అంకెలు చదివే ఓపిక లేనివారికీ అర్థమయ్యేలా, నెలకో రంగు రేకుతో పువ్వులాంటి బొమ్మలు గీయించి 1858లో ప్రచురించారు. అదే ఏడాది లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను ఫెలోగా ఎన్నుకుంది. ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమే.

కింద ఉన్న అంకె ఏది?

ఆ తర్వాత ఆమె చూపు మామూలు ఆసుపత్రుల మీద పడింది. ఒక్కో ఆసుపత్రిది ఒక్కో పద్దతి. ఒకరు రాసిన జబ్బు పేరు ఇంకొకరు రాయరు. అందరూ ఒకే రకం ఫారం నింపాలని 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ప్రతిపాదన పంపారు. ఎందరు చేరారు, ఎందరు నయమై వెళ్లారు, ఎందరు నయం కాకుండానే వెళ్లారు, ఎందరు చనిపోయారు, ఎన్నాళ్లున్నారు... ఇవన్నీ వయసు, జబ్బు వారీగా రాయాలి. లండన్‌లో కొన్ని ఆసుపత్రులు కొన్నేళ్లు ప్రయత్నించాయి. కానీ పని ఎక్కువ కావడంతో అది నిలవలేదు.

1863లో ఆసుపత్రులపై తన పుస్తకం కొత్త కూర్పులో ఆమె ఫార్ తయారుచేసిన ఒక పట్టిక వేశారు. లండన్‌లోని 24 ఆసుపత్రుల్లో మరణాలు నూటికి 90కి పైగా అని అందులో ఉంది. డాక్టర్లు భగ్గుమన్నారు. కారణం ఉంది. ఆ ఏడాది మొత్తం చనిపోయిన 3,828 మందిని, ఒకే ఒక్క రోజు మంచాల మీద ఉన్న 4,214 మందితో భాగించారు.

బోధన్ చెరకు రైతుకు ఈ తికమక ఇట్టే అర్థమవుతుంది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో రికవరీ అంటే, క్రషింగ్ అయిన చెరకులో నూటికి ఎన్ని పాళ్లు చక్కెర వచ్చిందని. సీజన్ మొత్తం తీసిన చక్కెరను, ఒక్కరోజు యార్డులో నిలబడ్డ బండ్లలోని చెరకుతో భాగిస్తే వచ్చే రికవరీని ఎవరు నమ్ముతారు? ఆసుపత్రిలోనూ అంతే. ఒకే మంచం మీద ఏడాదిలో పలువురు మారతారు. చేరిన వారందరితో భాగిస్తే ఆ 90 కాస్తా పది దరిదాపులకు వస్తుంది. ఆ విషయంలో విమర్శకులదే న్యాయం.

అయితే అదే పుస్తకంలో ఆమె పట్టుకున్న మరో కిటుకు ఈనాటికీ వాడిగానే ఉంది. బతకడని తేలిన రోగిని ఒక ఆసుపత్రి పంపించేస్తే, అతను ఒకట్రెండు రోజుల్లో మరో ఆసుపత్రిలో చనిపోతాడు. మొదటి ఆసుపత్రి లెక్క శుభ్రంగా ఉంటుంది, చావు రెండోదాని ఖాతాలో పడుతుంది.

ఇది చదివినప్పుడు నాకు ఉద్యోగంలో చేరిన తొలినాళ్లు గుర్తొచ్చాయి. అప్పుడు పనిచేసిన ఒక ఆసుపత్రిలో, ఆ నెల మరణాలు తగ్గాయని సమీక్షలో మెచ్చుకున్నారు. నేనూ అందరితోపాటు చప్పట్లు కొట్టాను. ఆ నెలలో హైదరాబాద్‌కు రెఫరల్ చీటీలు రాసిందీ నేనే. వెంటిలేటర్ ఖాళీ లేక పంపినవాళ్లున్నారు, ఇంటికి తీసుకెళ్తామని బంధువులు సంతకం పెట్టినవాళ్లున్నారు. వాళ్లు ఏమయ్యారో మా రిజిస్టర్‌లో లేదు. తెలుసుకోవడానికి నేనూ ఫోన్ చేయలేదు.

మూసేసిన కాన్పుల వార్డు

ఆమె జీవితంలో నాకు అన్నింటికన్నా పెద్దదిగా అనిపించే ఘట్టం ఇది. 1862లో ఆమె పేరిట ఉన్న నిధితో లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో మంత్రసానుల శిక్షణకు కాన్పుల వార్డు తెరిచారు. కొన్నేళ్లలో పురిటి జ్వరంతో బాలింతలు చనిపోవడం మొదలైంది. లెక్క వేస్తే వెయ్యి కాన్పులకు సుమారు 33 మరణాలు. అప్పట్లో ఇంగ్లండ్ మొత్తం మీద ఆ సంఖ్య ఐదు చుట్టూనే ఉండేది. 1867లో వార్డు మూసేశారు. 1871లో ఈ లెక్కలన్నీ పుస్తకంగా తెచ్చారు. రోగం క్రిముల వల్ల ఒకరినుంచి ఒకరికి సోకుతుందన్న మాటను ఆమె చాలాకాలం ఒప్పుకోలేదు. కారణం ఊహించడంలో పొరపాటున్నా, లెక్క దాచలేదు కాబట్టి ఇంకొందరు తల్లులు బతికారు. (ఇప్పుడు ఆసుపత్రి కాన్పే క్షేమం. అందులో సందేహం వద్దు.)

ఆమె ఎన్నడూ ఇండియాకు రాలేదు. కానీ ఇక్కడి సైన్యం ఆరోగ్యంపై 1859లో ఏర్పడ్డ రాయల్ కమిషన్ కోసం ఊరూరి దండుకూ ప్రశ్నపత్రాలు పంపించారు. కిక్కిరిసిన బ్యారక్‌లతో చెడ్డపేరు మోసిన మన సికింద్రాబాద్ దండు కూడా జవాబు రాసి పంపాల్సి వచ్చింది. 1863 నివేదిక ప్రకారం ఇండియాలోని బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోయేవారు. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

మన వంతు ప్రశ్నలు

ఇవాళ ప్రభుత్వ ఆసుపత్రులకు ఎన్‌క్యూఏఎస్ ప్రమాణాలున్నాయి. కనీసం 70 శాతం మార్కులు వస్తేనే సర్టిఫికెట్, అదీ మూడేళ్లకే. ప్రైవేటు ఆసుపత్రులు ఎక్కువగా ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు తీసుకుంటాయి. ఇవి మంచివే. అయితే పని పద్ధతిగా జరుగుతోందా అన్నదే ఇవి ఎక్కువగా చూస్తాయి. రోగి చివరికి ఏమయ్యాడన్నది చాలా ఆసుపత్రుల గోడల మీద కనిపించదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో అది 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. రాష్ట్రం అంకె మనకు తెలుసు. మన కోడలు చేరబోయే ఆసుపత్రి అంకె తెలియదు.

అందుకే చేరేముందు, తొందర లేని జబ్బయితే, ఇవి అడగండి. ఈ ఆపరేషన్ ఇక్కడ ఏడాదికి ఎన్ని చేస్తారు? వాళ్లలో ఎందరికి కుట్లకు చీము పట్టింది? మళ్లీ చేరాల్సి వచ్చినవాళ్లు ఎందరు? కాన్పుకైతే, మొదటిసారి తల్లుల్లో సిజేరియన్లు ఎన్ని? మరణాల శాతం చెబితే, బయటికి పంపినవాళ్లను కలిపారా అని కూడా అడగండి. ఎక్కువ మరణాలుంటే చెడ్డ ఆసుపత్రి అని మాత్రం తొందరపడొద్దు. పెద్దాసుపత్రికి చేయిదాటిన కేసులే ఎక్కువ వస్తాయి.

మీరడిగితే మాకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అయినా అడగండి. ఇప్పుడు నేను రెఫర్ చేసిన రోగి పేరు పక్కన ఇంటి ఫోన్ నంబర్ రాసుకుంటున్నాను. వారం తర్వాత చేసే ఆ ఫోన్లలో కొన్ని భారంగా ఉంటాయి. కానీ అవి లేకుండా నా లెక్క పూర్తి కాదు.