పల్లె ముంగిటికి బజారు: మాంట్‌గొమరీ వార్డు

మన గ్రామములలో వి.పి.పి. మూలమున పుస్తకములను, మందులను, చేతిగడియారములను తెప్పించుకొనినవారు పెక్కుమంది. పోస్టుమేనుకు రొక్కము చెల్లించి, కట్టు విప్పువరకు లోపల ఏమున్నదో యను శంక వారెరుగనిది కాదు. ఆ శంకను తీర్చి వ్యాపారమును పెంచినవాడు అమెరికా దేశీయుడైన ఆరన్ మాంట్‌గొమరీ వార్డు.

ఆయన 1844 ఫిబ్రవరి 17వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమందలి చాతం అను ఊర జన్మించెను. కుటుంబము పేదది, చదువు చిన్ననాటనే ముగిసెను. పీపాల చెక్కలు చేయు కర్మాగారమునను, ఇటుకల బట్టీలోను కూలిచేసి, చెప్పుల దుకాణమున కుదిరి, తుదకు చికాగో చేరి, బట్టల వర్తకుల తరఫున ఊరూర తిరిగెను.

ఆ తిరుగుళ్లలోనే రైతు కష్టము ఆయన కంటబడెను. ధాన్యమమ్మబోయిన ధర చెప్పువాడు వేరొకడు; గుడ్డయో గొడ్డలియో కొనబోయినను ధర చెప్పువాడు వేరొకడే. కర్మాగారము నుండి టోకు వర్తకుని చేతులు మారి ఊరి అంగడికి వచ్చులోగా సరకు వెల పెరుగుచుండెను. అరువు బేరము ఆ భారమును మరింత హెచ్చించెను. ఆ అంగడి కాదనినచో పోవుటకు వేరొక చోటు లేదు.

తయారీదారుల వద్ద రొక్కమునకు కొని, రైలుమీద రైతులకు నేరుగా పంపవలెనని వార్డు తలచెను. కూడబెట్టిన సొమ్ముతో కొనిన సరకు 1871 అక్టోబరున చికాగో మహాగ్నికి ఆహుతియయ్యెను. ఆయన వెనుదీయలేదు. మరుసటి యేడు ఆగస్టున 163 వస్తువుల ధరలుగల ఒకే కాగితమును అచ్చొత్తించి పంపెను. గ్రేంజి అను రైతుసంఘము అండగా నిలిచెను. ఇంత చవుకగా అమ్మువాడు మోసగాడే యని 1873లో చికాగో ట్రిబ్యూన్ పత్రిక వ్రాసి, పిదప తప్పు దిద్దుకొనెను. సరకును పరీక్షించి చూచుకొనిన తరువాతనే సొమ్ము చెల్లించు ఏర్పాటు ఆయన చేసియుండెను. మన వి.పి.పి.లో ఈ సౌకర్యము లేదు గదా! 1875లో, నచ్చనిచో సొమ్ము వాపసు ఇత్తునని కూడ మాట యిచ్చెను.

కాగితము పుస్తకమయ్యెను. 1883 నాటికి 240 పుటలు, సుమారు 10,000 వస్తువులు. వేరు పుస్తకములు అరుదైన యిండ్లలో పిల్లలకు అదియే బొమ్మల పుస్తకము. 1946లో న్యూయార్కునందలి గ్రోలియర్ క్లబ్బు అను పుస్తకప్రియుల సంఘము, అమెరికా జనజీవనమును ప్రభావితము చేసిన నూరు గ్రంథములను ఏర్చినపుడు అందు ఈ ధరల జాబితాకును చోటిచ్చెను.

ఊరి దుకాణదారులు మాత్రము సహింపలేదు. కొన్ని చోట్ల జాబితాలను ప్రోగుచేసి బహిరంగముగా తగులబెట్టిరి. వారి కోపము పూర్తిగా అన్యాయమనరాదు. పంట పోయిన యేడు అరువిచ్చి ఆదుకొనినది ఆ అంగడియే. చికాగో వర్తకునిది రొక్కపు బేరము.

వార్డు 1890 నుండి సుమారు ఇరువది యేండ్లు న్యాయస్థానములలో వేరొక పోరాటము సాగించెను. చికాగో సరస్సు ఒడ్డు కట్టడములతో నిండక ప్రజల ఉద్యానముగా నిలువవలెనని స్వంత సొమ్ము వెచ్చించి, నగర ప్రముఖుల నిందలను భరించి గెలిచెను. అదియే గ్రాంటు పార్కు.

పల్లెయిండ్లకే ఉత్తరములు చేర్చు పద్ధతిని అమెరికా తపాలాశాఖ 1896లో ఆరంభించెను. పెద్ద పార్సెళ్లను గొనిపోవుట 1913 జనవరిలో మొదలయ్యెను. ఆ యేడే డిసెంబరు 7న వార్డు కన్నుమూసెను. జాబితా వ్యాపారము పిమ్మట మరింత వర్ధిల్లినను, మోటారుకారును మంచి రోడ్డును రైతును పట్టణమునకే చేర్చినవి. 1926 నుండి ఆ కంపెనీయే పట్టణములలో దుకాణములు తెరువవలసివచ్చెను. జాబితా ప్రచురణ 1985లో నిలిచిపోయెను. ప్రత్యర్థులైన సియర్సు వారి పెద్ద జాబితా 1993లో ఆగెను. వార్డు పేరిటి దుకాణములు 2001లో మూతపడెను.